చుక్క ఉందా, చూడు

మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక రెండు చదువులు సాగేవి. ముందు గదిలో అమ్మ వారపత్రికలోని సీరియల్ పైకి చదివేది. పక్క వాటాల ఆడవాళ్ళు చేరి వినేవారు. వెనక వంటింటి గడప పక్కన, నలభై వాట్ల బల్బు కింద, ఒళ్ళో అట్ట పెట్టుకుని నాన్న ప్రూఫులు దిద్దేవారు. పశ్చిమ మాంబళంలో మేమున్న వాటా మొత్తం రెండు గదులే. 1970ల నాటి మాట. ఊరు అప్పటికింకా మద్రాసే. చెన్నై అని పేరు మారింది 1996లో. అమ్మ దగ్గర కూర్చోవాలని నాకు ప్రాణం కొట్టుకునేది, కానీ చాలా రాత్రులు నాన్న పక్కనే కూర్చోవలసి వచ్చేది. పనిలో ఆయనకు తోడు నేనే.

నాన్న జార్జ్‌టౌన్‌లో ఒక తెలుగు అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరు. జీతం చాలక, ఫారానికి ఇంత అని బయటి పని కూడా ఇంటికి తెచ్చుకునేవారు. ఫారం అంటే పదహారు పేజీలు. ప్రూఫు సరిగా దిద్దాలంటే ఇద్దరు కావాలి. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు కాగితం మీద పెన్సిలు మొన నడిపించుకుంటూ పోల్చి చూసుకోవాలి. ఆఫీసులో చదవడానికి ఒక కుర్రాడు ఉండేవాడు. ఇంట్లో ఆ కుర్రాణ్ణి నేను.

చదవడమంటే మామూలు చదువు కాదు. కాగితం మీద ఉన్నదంతా నోటితో చెప్పాలి. మాటలతో పాటు కామాలు, చుక్కలు, పేరాలు కూడా. "ఆమె కిటికీ దగ్గర నిలబడింది ఫుల్‌స్టాప్ పేరా కొటేషన్ మొదలు మీరు రారని తెలుసు కామా అయినా దీపం ఆర్పలేదు ఫుల్‌స్టాప్ కొటేషన్ ముగింపు." ఇలాగన్నమాట. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ప్రేమ, విరహం, ఆస్తి తగాదాలు, తులసికోట దగ్గర కన్నీళ్ళు, అన్నీ ఒకే గొంతుతో, ఒకే వేగంతో చదువుకుంటూ పోయేదాన్ని. ఎవరైనా గుండె పగిలి ఏడిస్తే "ఆశ్చర్యార్థకం" అనేదాన్ని. మరీ గట్టిగా ఏడిస్తే "రెండు ఆశ్చర్యార్థకాలు". గొంతులో ఏ మాత్రం భావం పలికినా నాన్న పెన్సిలు ఆగిపోయేది.

"కథ చెప్పకమ్మా. కాపీ చదువు" అనేవారు.

ఒకసారి బడిలో మాస్టారు తెలుగు పాఠం చదవమంటే లేచి నిలబడి, మొదటి వాక్యంలోనే "కామా" అన్నాను. తరగతి మొత్తం నవ్వింది. మాస్టారు కూడా నవ్వి, "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగారు. ఆ నవ్వు పోయింది గానీ కామా పోలేదు. ఇప్పటికీ నేను మౌనంగా చదువుకుంటుంటే లోపల ఒక గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు కామా దగ్గర "కామా" అంటుంది. గట్టిగా కాదు, పక్క గదిలో ఎవరో చిన్నగా దగ్గినట్టు.

నాన్న చదివే పద్ధతి పూర్తిగా వేరు. ఆయన చదివేవారు కాదు, చూసేవారు. ఒక పాత కార్డుముక్కను చదవబోయే పంక్తి కింద అడ్డం పెట్టి, కింది పంక్తి కంటబడకుండా దాచేవారు. ఇద్దరం కలిసి ఒకసారి పూర్తి చేశాక, రెండోసారి తాను ఒక్కరే, పేజీ అడుగునుంచి పైకి, చివరి పంక్తి నుంచి మొదటి పంక్తికి వెళ్ళేవారు. ఎందుకలా అంటే, "పైనుంచి కిందికి వస్తే మనిషి కథలో పడతాడు. కథలో పడ్డవాడికి తప్పు కనపడదు" అన్నారు. అచ్చుతప్పులకు మనవాళ్ళు ముద్రారాక్షసాలని ఎంత చక్కని పేరు పెట్టారో! రాక్షసులు మాయావులు కదా, చూస్తుండగానే మాయమవుతారు.

ఆయన చెప్పినదానికి కారణం నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మనం చదివేటప్పుడు కన్ను పంక్తి వెంట సాఫీగా జారదు. గంతులు వేస్తుంది. ఒక్కో చోట సుమారు సెకనులో నాలుగో వంతు ఆగి, మళ్ళీ గెంతుతుంది. మధ్యలో సరిగా చూడనిదాన్ని, రాబోయేదాన్ని మనసు ముందే ఊహించి పూరించేస్తుంది. అందుకే "వచ్చాడు"లో చ వత్తు ఎగిరిపోయినా మనకు "వచ్చాడు" అనే వినిపిస్తుంది. లోపలి చెవి పెద్ద మొహమాటస్థురాలు, ఎవరు ఏ తప్పు చేసినా సర్దేస్తుంది. నాన్న జీతం ఆ చెవిని మూసుకోవడానికే.

తెలుగులో ఈ చెవికీ కంటికీ మధ్య ఉన్న తగాదా మరీ ముదిరింది. థ, ధ చూడండి. ద కింద గీత పెడితే ధ, దాని కడుపులో చుక్క కూడా పెడితే థ. మనలో ఎక్కువమంది నోట రెండూ ఒకలాగే పలుకుతాయి. "కథ" అన్నా "కధ" అన్నా వినేవాడికి పట్టింపు లేదు. కానీ "అర్థం" వేరు, "అర్ధం" వేరు. మొదటిది భావం, రెండోది సగం. తేడా అంతా ఒక్క చుక్కలో ఉంది. సీసపు అక్షరం వాడివాడి అరిగితే ముందు పోయేది ఆ చుక్కే. "నీ మాటలకు అర్ధం ఏమిటి?" అని నాయిక అడిగితే, సగం ఏమిటని అడిగినట్టే లెక్క. నాన్నకు ఇది నవ్వులాట కాదు. చుక్క లేని అర్థం కనబడితే పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెట్టి, పేజీ అంచున గీత గీసి, గుండ్రంగా చుట్టి, పక్కన "థ" అని రాసేవారు. ఆ చుక్కను పెన్సిలుతో రెండుసార్లు నొక్కి పెట్టేవారు. కాగితం వెనక్కి తిప్పితే వేలికి తగిలేది.

మరి అరసున్న? అది కంటికే గానీ చెవికి లేదు. ఆయన దిద్దిన పాత కావ్యాల్లో "వాఁడు" అని ఉంటే నేను "వాడు" అని చదివేదాన్ని. "అరసున్న ఎక్కడ మింగావు?" అనేవారు. ఇంకా పాత ప్రతుల్లో వలపలగిలక ఉండేది. ర్ అనే సగం అక్షరాన్ని ముందు రాయకుండా, తర్వాతి అక్షరం పక్కన తెలుగు తొమ్మిది అంకెలాంటి గుర్తు పెట్టేవారు. ధర్మానికి "ధమ౯ము" అన్నమాట. నాకు ఎవరూ చెప్పలేదు. "ధమ తొమ్మిది ము" అని చదివాను. ఆ రాత్రి నాన్న పెన్సిలు కింద పడేసి నవ్వడం, ముందు గదిలో అమ్మ సీరియల్ ఆపి "ఏమైందండీ?" అని రావడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. తర్వాత చాలా రోజులు ఇంట్లో ధర్మానికి తొమ్మిది అనే పేరు.

ఇక అమ్మ. అమ్మకు కాగితం ఒక సాకు మాత్రమే. సీరియల్లో అత్తగారు వస్తే ముక్కుతో మాట్లాడేది, పోలీసు వస్తే గొంతు బరువెక్కేది, రచయిత ఏదైనా పేరాలో వర్ణనలు దంచితే "ఇక్కడ చెట్లు, చేమలు, వెన్నెల" అని దాటేసేది. శ్రోతలు దానికి అభ్యంతరం చెప్పిన గుర్తు లేదు. ఆమెది నెల్లూరు దగ్గర పల్లెటూరు, ఆ యాస చివరిదాకా పోలేదు. నేనేమో మద్రాసులో పుట్టినదాన్ని. "చాప" అనే మాట నేను "చెలి"లో చ లాగా పలికితే, "అది చాప కాదు, చాప!" అనేది. కాగితం మీద రెండూ ఒకటే. నాలుక పంటికి తాకించి పలికే ఆ చ మామూలు అచ్చులో ఎక్కడా కనబడదు, నిఘంటువుల్లో మాత్రం నెత్తిన గుర్తు పెట్టుకుని ౘ అని కూర్చుంటుంది. అరసున్న కంటికి ఉండి చెవికి లేనిది, ఈ చ చెవికి ఉండి కంటికి లేనిది. ఒకటి నాన్న ఆస్తి, ఒకటి అమ్మ ఆస్తి.

2011లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. ఉత్తర ఇంగ్లండు వాళ్ళ చేత, దక్షిణ ఇంగ్లండు వాళ్ళ చేత ప్రాసలున్న అయిదు పాదాల హాస్య పద్యాలు మౌనంగా చదివించారు. ఒక యాసలో ప్రాస కుదిరే మాటలు ఇంకో యాసలో కుదరవు. తమ యాసలో ప్రాస తప్పిన చోట చదివేవాళ్ళ కళ్ళు తడబడ్డాయి. పెదవి విప్పకపోయినా, లోపలి గొంతుకు ఊరి యాస ఉందన్నమాట. అది చదివినప్పుడు నాకు వెంటనే చాప గుర్తుకొచ్చింది. ఇప్పుడు పుస్తకంలో ఆ మాట వస్తే నా లోపల పలికే చ అమ్మదే. నాకు అది నోటితో ఇప్పటికీ సరిగా రాదు.

అమ్మ మౌనంగా చదవగా నేను చూడలేదు. ఒంట్లో బాగోలేక పడుకున్నప్పుడు కూడా పెదవులు కదులుతూనే ఉండేవి. వెనకటి రోజుల్లో చాలామంది అలాగే చదివేవారట. నాలుగో శతాబ్దంలో మిలాన్ నగరంలో ఆంబ్రోస్ అనే మతగురువు, గొంతు నాలుక కదలకుండా కళ్ళతోనే చదువుకోవడం చూసి, అగస్టిన్ అనే క్రైస్తవ పండితుడు వింతగా రాసి పెట్టాడు. అగస్టిన్ మా ఇంటికి వచ్చి ఉంటే వెనక గదిలో నాన్నను చూసి హడలిపోయేవాడు.

సెలవుల్లో నాన్నతో ఆఫీసుకు వెళ్ళేదాన్ని. మాంబళంలో లోకల్ రైలెక్కితే బీచ్ స్టేషన్ దాకా కిటికీ పక్క సీటు నాది. తమిళ అక్షరాలు నాకు ఆ రైలే నేర్పింది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ కలిపి ఒకటే అక్షరం. త వర్గానికీ ప వర్గానికీ అంతే. సందర్భాన్ని బట్టి చదివేవాడే పలుక్కోవాలి. నేనేమో తెలుగు బుద్ధితో అక్షరానికి అక్షరం కూడబలుక్కునేదాన్ని. కోడంబాక్కం బోర్డు నాకు "కోటంపాక్కం". ఒక వీధి పేరు పలక మీద గాంధి నాకు "కాంతి" అయ్యాడు. ఎంత బాగుందో, చాలా రోజులు అది దీపాలకు సంబంధించిన వీధి అనుకున్నాను. అన్నిటికంటే నచ్చింది చెట్‌పెట్ స్టేషను. తమిళ బోర్డు మీద "చేత్తుప్పట్టు" అని ఉంటుంది. నాకు అది "చేత్తో పట్టు" అని వినిపించేది. ఎగ్మూరులో జనం తోసుకుంటూ ఎక్కుతారు కాబట్టి, ఒక స్టేషను ముందే హెచ్చరిస్తున్నారని నా లెక్క. ఆ స్టేషను రాగానే నాన్న చొక్కా అంచు చేత్తో పట్టుకునేదాన్ని. ఆయన ఎందుకని అడగలేదు.

తమిళ ప్రూఫ్ రీడర్ల అదృష్టమే అదృష్టమని నాన్న అంటుండేవారు, థ ధ గొడవ లేదు కదా అని. వాళ్ళకు మూడు న లు, మూడు ల లు, రెండు ర లు ఉన్నాయని, వాళ్ళ కష్టాలు వాళ్ళవని ఆయనకు తెలియక కాదు.

వింత ఏమిటంటే, అన్నేసి నవలలు దిద్దిన మనిషికి ఒక్క కథా తెలియదు. నేను చదివిన ముక్కలు కలుపుకుని, మధ్య ఫారం ఆయన ఆఫీసులోనే దిద్దేసి వచ్చిన రోజు, ఆత్రంగా అడిగేదాన్ని. "నాన్నా, చివరికి ఆ అమ్మాయికి పెళ్ళయిందా?"

"ఏమో. పెళ్ళిలో ళ్ళి మాత్రం సరిగానే పడింది."

తెలుగు పత్రికలు, ప్రచురణ సంస్థలు ఒక్కొక్కటే విజయవాడకో హైదరాబాదుకో తరలిపోయాయి. సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. నాన్న మాంబళం వదల్లేదు. అమ్మ పోయాక నా దగ్గరికి వచ్చారు. నేనూ ఈ ఊళ్ళోనే ఉన్నాను గనుక మకాం పెద్దగా మారినట్టు కాదు.

మా అబ్బాయి కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదువుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఇంట్లో అందరినీ పట్టుకుని ప్రశ్నలు వేశాడు. 1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన, పొద్దున టిఫిన్ తిన్న బల్లను కళ్ళముందుకు తెచ్చుకుని ఏం కనిపిస్తోందో చెప్పమని చాలామందిని అడిగాడట. కొందరికి పళ్ళెం, కత్తి, మెరుపుతో సహా కనిపించింది. కొందరికి ఏమీ కనబడలేదు. అసలు మనసులో బొమ్మ కనబడటమనేది ఊరికే మాటవరస అనుకున్నారట. ఆ ఏమీ కనబడనితనానికి 2015లో ఆడం జీమన్ అనే వైద్యుడు, తోటివాళ్ళు అఫాంటేసియా అని పేరు పెట్టారు. అది జబ్బేమీ కాదు, మనుషుల్లో తేడా.

మా అబ్బాయికి చదువుతుంటే సినిమాలాగా బొమ్మలు కనిపిస్తాయట, గొంతు వినిపించదట. నాకు గొంతే. ఫోనులో మా చెల్లెలు సందేశం పంపితే దాని గొంతులోనే చదువుకుంటాను. దాని తెలుగు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది కాబట్టి పెదవులు కూడా కదపవలసిందే. కన్ను ఆ మాటల్ని గుర్తుపట్టదు, పలికితేనే తెలుగు అవుతాయి. ఆ సందేశాలు నాన్నకు ఎప్పుడూ చూపించలేదు. పెద్దాయన.

"తాతయ్యా, మీరు చెప్పండి. పొద్దున తిన్న ఇడ్లీ తలచుకోండి. ఏం కనిపిస్తోంది?"

నాన్న కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకున్నారు. "ఇడ్లీ కనిపిస్తోంది."

"ఎలా ఉంది?"

"పన్నెండు పాయింటు. డ కింద ల వత్తు కొంచెం కుడికి జరిగింది."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. మనం మాట్లాడుతుంటే కూడా అలాగే కనిపిస్తుందని, మాట వినగానే అచ్చులో పడి కుడివైపుకి సాగిపోతుందని, చిన్నప్పటి నుంచీ అంతేనని, అందరికీ అంతే కదా అని అడిగారు. ఎనభై ఏళ్ళ పాటు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పవలసిన విషయమని తోచక. మా అబ్బాయి ఆ రాత్రంతా వెతికి, పొద్దున కాఫీ వేళకు గెంతుతూ వచ్చాడు. అదే గాల్టన్ 1883లో ఇలాంటివాళ్ళ గురించి రాశాడు. ఎవరేం మాట్లాడినా కొద్దిమందికి అది మనసులో అచ్చులో కనిపిస్తుందని, టెలిగ్రాఫ్ యంత్రంలోంచి వచ్చే పొడవాటి కాగితం పట్టీ మీద చదివినట్టు చదువుకుంటారని. అది విని నాన్న, "అయితే అందరికీ కాదన్నమాట" అని కాఫీ తాగారు. కొంచెం నిరాశపడ్డట్టు అనిపించింది.

తర్వాత నేను ఒంటరిగా అడిగాను. అమ్మ మాట్లాడినా కనిపించేదా అని.

"ఆ. మీ అమ్మవి చాలా తక్కువ తప్పులు." కాస్త ఆగి, "గొంతు గుర్తుకు రావడం లేదమ్మా. ఆ మాటలు మాత్రం ఉన్నాయి" అన్నారు.

నాకు గొంతు ఉంది. ఇచ్చే వీలు లేదు.

చివరి రెండేళ్ళు ఆయనకు నీటికాసుల వల్ల చూపు దాదాపు పోయింది. సాయంత్రాలు నేను చదివి వినిపించేదాన్ని. మొదటి రోజు ఒక కథల పుస్తకం తీసి, మొదటి వాక్యం చదివి, నాకు తెలియకుండానే "కామా" అన్నాను.

"కామాలు వద్దమ్మా. మీ అమ్మలాగా చదువు" అన్నారు.

నాకు అత్తగారిని ముక్కుతో పలకడం రాదు. అయినా వచ్చినంతలో చదివాను. వెన్నెల వర్ణన వస్తే దాటేశాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని వింటున్నారు. కథలో పడ్డారనే అనుకున్నాను, మొదటిసారిగా. మూడో పేజీలో ఒక భర్త భార్యతో, నువ్వు చెప్పేదానికి అర్థం ఉందా అంటాడు. అది చదివి ముందుకు వెళ్ళబోతుంటే నాన్న చెయ్యి గాల్లోకి లేచింది.

"అక్కడ ఆగు. చుక్క ఉందా, చూడు."

కళ్ళజోడు సర్దుకుని, పుస్తకం దీపం దగ్గరకు పెట్టి చూశాను.

"లేదు నాన్నా."

"నాకు తెలుసు" అన్నారు. మొహం వెలిగిపోయింది. "పెన్సిలు ఎక్కడుంది?"